పది రోజుల సేవకొచ్చే వాలీబాల్ టీము

డాలస్‌లో ఉండే నా బీటెక్ క్లాస్‌మేట్ పోయిన నెల ఫోన్ చేశాడు. వాళ్ళ చర్చిలో కాలేజీ పిల్లల వాలీబాల్ టీమ్ ఒకటుందట. వచ్చే వేసవిలో పన్నెండు మంది మిషన్ ట్రిప్‌కి ఇండియా వస్తారట. "మన గోదావరిఖనికే తీసుకొస్తా మామా. పది రోజులు. ఏదైనా పిల్లల హాస్టల్ చూసిపెట్టు. ఆటలాడిస్తాం, బట్టలు పంచుతాం, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తాం" అన్నాడు. (మే నెలలో రామగుండం! ముందు వాళ్ళకే సెలైన్ ఎక్కించాల్సొస్తుంది.)

నేను చూడనన్నాను. "నువ్వు కూడా ఆ బ్యాచ్‌లో చేరావా?" అన్నాడు వాడు. ఏ బ్యాచ్ అంటున్నాడో మీకు తెలుసు. నేను అందులో చేరలేదు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను ఏడో తరగతిలో ఉండగా మా యైటింక్లయిన్ కాలనీ పక్కన గ్రౌండుకి ఇలాగే ఒక టీమ్ వచ్చింది. (ఎయిత్ ఇంక్లైన్‌ని పలికి పలికి అలా చేశాం. బయటివాళ్ళు చైనాలో ఊరేమో అనుకుంటారు.) ఆరడుగుల మనుషులు. నాలుగు రోజులున్నారు. పసుపు జెర్సీలిచ్చారు, కొత్త నెట్ కట్టారు. మాలో ఒకడు అందరికంటే బాగా ఆడేవాడు. వాళ్ళలో ఒకాయన వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని గ్రౌండంతా తిప్పి, మళ్ళీ ఏడాది కలుద్దాం అన్నాడు. మాకొచ్చిన ఇంగ్లీషుకి అది బాగానే అర్థమైంది. మరుసటి ఎండాకాలం వాడు ఆ జెర్సీ ఉతుక్కుని వేసుకుని రోజూ సాయంత్రం గ్రౌండ్ గేటు దగ్గర నిలబడేవాడు. మేం నవ్వేవాళ్ళం. వాళ్ళు రాలేదు. వాళ్ళిచ్చిన బంతి దసరాకే పోయింది. వాడు ఆట ఎప్పుడు మానేశాడో నాకు గుర్తులేదు. గేటు దగ్గర నిలబడ్డం మాత్రం గుర్తుంది.

అదే గ్రౌండులో మా పక్క క్వార్టర్ కాక ఉండేవాడు. బాయిలో టింబర్‌మన్. ఫస్ట్ షిఫ్ట్ దిగి స్నానం చేసి, అన్నం తిని, కునుకు కూడా తీయకుండా వచ్చి మాకు సర్వ్ నేర్పేవాడు. తిట్టేవాడు. బంతి చిరిగితే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చుని దగ్గరుండి కుట్టించేవాడు. ఆయన ఫోటో ఎవరి దగ్గరా లేదు. ఆ టీమ్ ఫోటోల్లో కూడా లేడు, ఎందుకంటే తీసింది ఆయనే.

ఇప్పుడు అసలు విషయం. ఆటకీ మిషనరీలకీ పొత్తు కొత్తదేం కాదు. వాలీబాలే వాళ్ళ ఆట. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ అనే వైఎంసీఏ డైరెక్టర్ కనిపెట్టాడు. హ్యారీ బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వైఎంసీఏ ఫిజికల్ ట్రైనింగ్ స్కూల్ మొదలుపెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి భారత జట్టుకి మేనేజర్‌గా వెళ్ళింది ఆయనే. 1943లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆయన మోసుకొచ్చింది బంతుల సంచి కాదు, ఆట నేర్పే మాస్టార్లని తయారుచేసే బడి.

అదే పారిస్‌లో 400 మీటర్ల బంగారు పతకం గెలిచాడు ఎరిక్ లిడెల్. ఆదివారం పరిగెత్తనని 100 మీటర్ల పోటీ వదులుకున్న మనిషి. మరుసటి ఏడాదే చైనా వెళ్ళి పిల్లలకి పాఠాలు చెప్పాడు. యుద్ధంలో జపాన్ వాళ్ళు వైషియెన్ అనే చోట క్యాంపులో బంధిస్తే, అక్కడి పిల్లలకి ఆటలాడించాడు. ఆదివారం ఆటలు ఉండవన్నాడు మొదట. పెద్దలెవరూ చూడకపోతే పిల్లలు కొట్టుకుంటున్నారని తెలిసి, ఆదివారం కూడా విజిల్ పట్టుకుని రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్స్ కోసం వదలని నియమాన్ని ఆ పిల్లల కోసం వదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ క్యాంపులోనే పోయాడు. నాకు ఏ మతం మీదా పెద్ద పట్టింపు లేదు గానీ, ఈ మనిషికి మాత్రం దణ్ణం పెడతాను.

అంత దూరమెందుకు, మన బొగ్గు లైను ఇల్లందుకి చీలే డోర్నకల్‌నే చూడండి. అక్కడి బిషప్ అజరయ్య తమిళుడు, తెలుగు నేర్చుకుని వచ్చాడు. 1910లో ఎడిన్‌బరో సభలో తెల్లవాళ్ళ మొహమ్మీదే అడిగాడు: డబ్బులిచ్చారు, ప్రాణాలిచ్చారు, సరే, మాకు స్నేహితుల్నివ్వండి అని. నూటపదేళ్ళు దాటాయి. మా వాడు పన్నెండు మంది సెట్టర్లనీ స్పైకర్లనీ ఇస్తానంటున్నాడు, పది రోజులకి.

లెక్క వేద్దాం, మనకొచ్చిన పని అదే కదా. టికెట్టు లక్ష అనుకుంటే పన్నెండు మందికి పన్నెండు లక్షలు. గోదావరిఖనిలోనే ఒక కోచ్‌కి నెలకి ఇరవై వేలిస్తే అయిదేళ్ళు. అదే డబ్బు. "కానీ వచ్చి చూస్తే మా పిల్లల మనసులు మారతాయి మామా" అన్నాడు. మారతాయేమో. అయితే దాన్ని విహారయాత్ర అనండి. మీ పిల్లల మనసు మారడానికి మా పిల్లలు జిమ్ములో డంబెల్స్ కాదు. పైగా ఒక చేత్తో బంతి ఇచ్చి ఇంకో చేత్తో ప్రార్థన పెడితే పదేళ్ళవాడు ఏం చెప్తాడు? వద్దంటాడా? పెద్దవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు కాదనగలరు. అన్నట్టు, మత ప్రచారానికి టూరిస్టు వీసా చెల్లదు, మిషనరీ వీసా వేరే ఉంది. ఆ సంగతి వాడు అడగనే లేదు.

ఇది చదివి చప్పట్లు కొట్టబోతున్న అవతలి బ్యాచ్‌కి ఒక మాట. మత మార్పిడి అని గోల చేసే మీరు, మీ వీధిలో సర్కారు బడికి పీఈటీ సార్ ఉన్నాడా లేడా అని ఎప్పుడైనా అడిగారా? ప్రార్థన ఆపించడానికి పదిమంది వస్తారు, నెట్ కట్టడానికి ఒక్కడు రాడు.

ఇక మనం. వాలంటీరింగ్ డే అని బస్సేసుకుని, కంపెనీ టీషర్టులేసుకుని, అనాథాశ్రమంలో మూడు గంటలు క్రికెట్ ఆడి, కేకు కోసి, లింక్‌డిన్‌లో పెడతాం. నేనూ వెళ్ళాను, రెండుసార్లు. రెండోసారి ఒక పాప "అన్నా, పోయినసారొచ్చిన అక్క రాలేదా?" అని అడిగింది. ఆ అక్క అప్పటికే వేరే కంపెనీకి మారిపోయింది. ఏం చెప్పాలో తెలియక ఇంకో కేకు ముక్క ఇచ్చాను. డాలస్ వాళ్ళకీ మనకీ తేడా విమానం టికెట్టే.

ఇదంతా మెసేజ్‌లో మావాడికి పంపాను. కోచ్ జీతం సంగతి చర్చిలో అడుగుతానన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న పెట్టాడు. "డబ్బులొస్తే ఆ కోచ్ సరిగ్గా వస్తున్నాడో లేదో నెలనెలా వెళ్ళి చూసేదెవరు? నువ్వు హైదరాబాద్‌లోనే కదా ఉంది. ఊరికి చివరిసారి ఎప్పుడెళ్ళావ్?"

దసరాకి. ఒకటిన్నర రోజు ఉన్నాను. కాక రిటైరయ్యాడని అప్పుడే తెలిసింది, ఇంటికి మాత్రం వెళ్ళలేదు. వాడికింకా రిప్లై ఇవ్వలేదు.