పాట పాడాలన్నా పైకం కట్టాల్సిందే!
అంతర్జాలంలో రాతపనుల వేలం.. గ్రామీణ పట్టభద్రులకు లాభమెంత?

గుంటూరు మిర్చి యార్డుకు రైతు సరకు తెస్తే వ్యాపారులు పోటీపడి ధర కడతారు. కొనేవారు ఎక్కువైతే రేటు పెరుగుతుంది. అంతర్జాలంలో సాగే రాతపనుల వేలం తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడ పాట పాడాల్సింది సరకు ఉన్నవారే. పోటీ పెరిగేకొద్దీ రేటు దిగుతుంది. డిగ్రీ పూర్తిచేసి, ఆంగ్లంలో నాలుగు పేజీలు రాయగలిగి, పట్నంలో గది అద్దె భరించలేని యువత ఈ అంగడి వైపు చూస్తున్న నేపథ్యంలో దాని లెక్కలను పరిశీలించాల్సి ఉంది.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో 1999లో ఈలాన్స్, 2003లో ఓడెస్క్ మొదలయ్యాయి. ఆ రెండూ విలీనమై 2015లో అప్‌వర్క్‌గా పేరు మార్చుకున్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రీలాన్సర్, ఇజ్రాయెల్‌కు చెందిన ఫైవర్ కూడా ఇదే రంగంలో ఉన్నాయి.

టోకెన్ల లెక్క

అప్‌వర్క్‌లో పనికి దరఖాస్తు చేయాలంటే ‘కనెక్ట్స్’ అనే టోకెన్లు ఖర్చుపెట్టాలి. ఒక్కోదాని ధర 15 సెంట్లు. ఎన్ని కావాలన్నది పనినిబట్టి మారుతుంది. పనికి 12 చొప్పున వేసుకున్నా దరఖాస్తుకు 1.80 డాలర్లు అవుతుంది. ఇరవై పనులకు ప్రయత్నిస్తే 36 డాలర్లు. మన లెక్కలో 3 వేల రూపాయలకు పైమాటే. పని వేరొకరికి దక్కితే ఆ సొమ్ము పోయినట్లే. జాబితాలో పైవరుసలో కనిపించేందుకు మరికొన్ని టోకెన్లతో పాడే పోటీ వేరే ఉంది.

దక్కిన పనిలోనూ కోత తప్పదు. 2023 వరకు ఒక్కో యజమాని ఇచ్చే తొలి 500 డాలర్లలో 20 శాతం వేదికకే పోయేది. ఆ ఏడాది దానిని 10 శాతం చేశారు. 2025 మే నుంచి కొత్త ఒప్పందాలకు సున్నా నుంచి 15 శాతం వరకు కోత విధిస్తున్నారు. ఫైవర్‌లో అయితే 20 శాతం.

అలాగని మేలు లేదనడం సరికాదు. గుత్తగా ధర కుదిరిన పనికి యజమాని ముందుగానే సొమ్మును అప్‌వర్క్ వద్ద జమచేయాలి. రాసి సమర్పించాక 14 రోజులపాటు ఆయన ఉలకకపోతే సొమ్ము దానంతటదే విడుదలవుతుంది. లైను అకౌంటు కోసం నెలల తరబడి ఎదురుచూసిన మాబోటి గ్రామీణ విలేకరులకు ఈ నిబంధన ముచ్చటగొలుపుతుంది.

అయితే ఈ రక్షణ వేదిక లోపల ఉన్నంతవరకే. మా మండలానికి చెందిన ఓ పట్టభద్రుడిని ‘కోత ఎందుకు, బయట మాట్లాడుకుందాం’ అంటూ ఒక యజమాని టెలిగ్రామ్‌కు రప్పించారు. ఆరు వ్యాసాలు అందాక ఖాతా మాయమైంది. ఫిర్యాదుకు ఆధారమే మిగల్లేదు. ఇంతకంటే ప్రమాదకరమైనవి ఇంటి వద్ద టైపింగ్ పనుల ప్రకటనలు. ముందు రిజిస్ట్రేషన్ రుసుము, తర్వాత తప్పులున్నాయంటూ లాయరు నోటీసు పేరిట బెదిరింపు. ఇటువంటివి ఎదురైతే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. భయపడి అప్పుచేసి కట్టడమే అసలు నష్టం.

మరమనిషి పోటీ

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక లెక్కలు మరింత మారాయి. అప్‌వర్క్‌పై పరిశోధకులు 2023లో జరిపిన అధ్యయనంలో, ఆ ప్రభావం పడిన రాతపనుల వంటి వృత్తుల్లోని వారికి నెలవారీ పనులు 2 శాతం, ఆదాయం 5.2 శాతం తగ్గినట్లు తేలింది. మంచి పేరున్నవారికీ మినహాయింపు దక్కలేదు. వస్తువుల వర్ణనలు, చిన్న వ్యాసాల వంటి తేలిక పనులతోనే కొత్తవారు గతంలో పేరు తెచ్చుకునేవారు. ఆ మొదటి మెట్టే ఇప్పుడు కదులుతోంది.

ఆరు వ్యాసాలు పోగొట్టుకున్న యువకుడు వేలం మానలేదు. నెలకు 500 రూపాయలకు మించి టోకెన్లు కొనకూడదని హద్దు పెట్టుకున్నారు. ఆంగ్ల వ్యాసాలను వదిలి తెలుగు అనువాదాలకే పాడుతున్నారు. అక్కడ పోటీదారులు తక్కువ, పనులూ తక్కువే. మిగిలిన రోజుల్లో ఊళ్లోని మీసేవ కేంద్రంలో కూర్చుంటున్నారు.