గట్టి గుండెలని మురిసిపోవుడు ఆపుదాం



మొన్న మన గ్రూపుల ఒకన్న పోస్టు పెట్టిండు. మనం కొండలెక్కేటోళ్లం, అంబలి తాగి పెరిగినోళ్లం, గుండె జబ్బు పట్నపోళ్ల రోగం అని. అన్నా, గౌరవంతోనే చెప్తున్న, అది తప్పు. నాకు 20 ఏండ్లు. కబడ్డీ ఆడుత, ఆయాసం లేదు. కాలేజీ మెడికల్ క్యాంపుల డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి ఒకటికి మూడుసార్లు విన్నది. ఎకో తీస్తే తెలిసింది. గుండె నుంచి ఒంటికి రక్తం పోయే కాడ కవాటానికి మూడు రేకులుండాలె, నాకు రెండే. పుట్టుకతోనే. వందల ఒకరిద్దరికి ఉంటదట. తల్లి కడుపుల తయారైన కవాటానికి అంబలి తెల్వదు, బర్గర్ తెల్వదు.

చాలామందికి నడివయసు దాకా ఏం తెలియదు. అప్పటికి కవాటం బిగుసుకపోతది, లేదంటే లీకైతది, కొందరికి ధమని ఉబ్బుతది. నాకిప్పుడు ఆపరేషన్ అక్కర్లేదన్నరు. చెప్పినప్పుడల్లా ఎకో తీయించుకోవాలె, బీపీ చూసుకోవాలె, పళ్లు శుభ్రంగా ఉంచుకోవాలె. (పళ్లకూ గుండెకూ ఏం సంబంధమని నేనూ నవ్విన. చిగుళ్ల క్రిములు రక్తంల కలిసి కవాటం మీద కూసుంటయట.)

ఇగ అసలు కోపం. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. సర్కారు బడి పిల్లల్ని 18 ఏండ్ల దాకా ఏడాదికోసారి చూడాలె. చూడాల్సిన వాటిల పుట్టుకతో వచ్చే గుండె జబ్బు కూడా ఉంది. నేను మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలల్నే ఉన్న. యాదికున్నది ఎత్తు, బరువు, కళ్లు, నులిపురుగుల గోలి. గంటల లైను అయిపోయేది. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టింది ఒక్కసారి కూడా యాదికి లేదు. విన్నా ఒక్కోసారి దొరకదు, నిజమే. ముందు వింటే గదా! మనోళ్లు గట్టోళ్లని మనమే అంటుంటే వాళ్ల పని ఇంకా సులువాయె.

ఇది ఇంట్ల వేరేవాళ్లకు కూడా ఉండొచ్చు, అమ్మానాయినకు, తోబుట్టువులకు ఎకో తీయించమన్నరు. మా చెల్లె తొమ్మిదో తరగతి, ఆమెదీ ఆశ్రమ పాఠశాలే. ఎకో తీసే దవాఖానకు రెండు బస్సులు మారాలె, నాయినకు ఒకరోజు కూలి పోతది. "పిల్లకు గుండె జబ్బని తెలిస్తే పెండ్లెట్ల" అని మా పెద్దమ్మ అడ్డం పడుతున్నది. దసరా సెలవులకు నేనే తీస్కపోత.

ఈసారి మీ హాస్టల్‌కు హెల్త్ టీమ్ వస్తే ఎంతమంది పిల్లల గుండె విన్నరో లెక్కపెట్టి కింద రాయండి. ఆ పోస్టు పెట్టిన అన్న కూడా రాయాలె.