ఇటుకంత పెట్టెలో పెద్ద మోత

పోయిన వేసవి సెలవులకు మా మనుమరాలు మా యింటికి వచ్చింది. తొమ్మిదవ తరగతి చదువుతున్నది. వస్తూ వస్తూ ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఇటుకంత పెట్టె ఒకటి, ఒక లాప్‌టాపు, బోలెడు తీగలు వెంటబెట్టుకు వచ్చింది.

"మోత పెంచే యంత్రం యేదమ్మా?" అని అడిగాను.

"ఈ పెట్టెలోనే వున్నది, తాతయ్యా! ఒకటి కాదు, యాభై వున్నాయి," అన్నది.

ముప్ఫయి అయిదేళ్ళు లెక్కలూ, సామాన్యశాస్త్రమూ చెప్పినవాణ్ణి. ఇటుకలో యాభై యంత్రాలంటే వూరికే ఒప్పుకుంటానా? "సరే, చూపించు," అని పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాను. ఆ నాలుగు రోజులలో నేను నేర్చుకున్నదే ఈ నెల మీకు చెబుతాను.

ముందు గిటారు సంగతి. వీణకు కుండ వుంటుంది, తీగ పలికితే ఆ మోతను కుండ పెంచుతుంది. మా అమ్మాయి గిటారుకు అటువంటిది లేదు, వట్టి కొయ్యపలక. మీటితే దోమ పాడినట్లుగా వినపడుతుంది. అయితే దాని ఉక్కు తీగల కింద చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక వంటి రాగితీగ వేల చుట్లు వుంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే రాగితీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఇంగ్లండులో ఫారడే కనిపెట్టిన ధర్మమే. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించాడే, అక్కడా జరిగేది ఇదే.

ఆ కొద్దిపాటి విద్యుత్తును పెంచి స్పీకరుకు పంపేది ఆంప్లిఫైయరు. పాతకాలం ఆంప్లిఫైయర్లలో వాల్వులు వుండేవి. వాల్వు అంటే గాలి తీసేసిన గాజుబుడ్డి. నా చిన్నప్పుడు మా యింటి రేడియోలో ఇవే వుండేవి. మీట తిప్పాక అవి వేడెక్కేదాకా ఆగితే గాని వార్తలు వినపడేవి కావు. 1962లో లండనులో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మేష్టారి కొట్టులో ఇటువంటి గిటారు ఆంప్లిఫైయర్లు తయారు చేయటం మొదలుపెట్టారు. అమెరికాలో ఫెండర్ కంపెనీ చేసిన బాస్‌మాన్ అనే యంత్రమే వాటికి నమూనా. అంటే, అప్పుడు కూడా ఒకరిని చూసి ఒకరు చేయటమే!

ఇక్కడ ఒక తమాషా వున్నది. పొడుగు మనిషి పాతకాలపు యింటి గుమ్మంలోంచి వంగకుండా వెళితే తల యేమవుతుంది? వాల్వును దాని శక్తికి మించి తోస్తే శబ్దతరంగానికీ అదే గతి. పైకి లేచిన శిఖరం అణగిపోయి చదునవుతుంది. అట్లా అణగిన తరంగంలో కొత్త స్వరాలు పుడతాయి. గిటారులో అయిదవ తీగ సెకండుకు 110 సార్లు కదులుతుంది. తల తెగిన తరంగంలో 110తో పాటు 220, 330, 440, 550 ఇట్లా హెచ్చవేతలన్నీ వినిపిస్తాయి. స్వరం బరువెక్కి గరగరలాడుతుంది. రేడియో ఇంజనీర్లు దీనిని లోపమన్నారు. గిటారు వాయించేవాళ్ళు ఇదే కావాలన్నారు! 1964లో కింక్స్ అనే ఇంగ్లీషు బృందంలో డేవ్ డేవీస్ అనే కుర్రవాడు ఆ గరగర కోసం తన స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు. మీరు మాత్రం ఇంట్లో అటువంటి పని చేయకండి.

మరి ఇటుకలో యేమున్నది? వాల్వూ లేదు, కాగితమూ లేదు. లెక్కలు వున్నాయి. గిటారు నుంచి వచ్చే విద్యుత్తును పెట్టె సెకండుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. "ఫలానా వాల్వులోకి ఇంత వస్తే బయటికి ఎంత వస్తుంది?" అని లెక్కగట్టి ఆ జవాబునే పంపుతుంది. ఒక్కొక్క యంత్రానికీ ఒక్కొక్క లెక్క. యాభై యంత్రాలంటే యాభై లెక్కలన్న మాట! 1998లో అమెరికాలో లైన్ సిక్స్ అనే కంపెనీ, చిక్కుడుగింజ ఆకారంలో పాడ్ అనే ఎర్రని పెట్టె తెచ్చాక ఈ పద్ధతి ఇంటింటి వాయిద్యగాళ్ళకూ అందింది.

స్పీకరు లెక్క ఇంకా బాగుంటుంది. ఖాళీ మంటపంలో ఒక్కసారి చప్పట్లు కొడితే, ఆ మంటపం గుణమంతా ఆ మోతలో తెలుస్తుంది కదా? స్పీకరుకు కూడా అట్లాగే ఒక్క "టిక్"కు అది ఇచ్చే జవాబును మైకుతో పట్టి దాచుతారు. దానిలో 2,048 అంకెలున్నాయనుకోండి. గిటారు నుంచి వచ్చే ప్రతి అంకెకూ 2,048 గుణకారాలు చేయాలి. కాగితం మీద వేసి చూశాను. సెకండుకు 9 కోట్ల 83 లక్షల 4 వేలు! ఇంజనీర్లకు దగ్గరదారులు తెలుసు గనుక పెట్టె ఇన్ని చేయదు. అయినా మా తరగతిలో పదహారో ఎక్కం దగ్గరే సగం మంది ఆగిపోయేవారు.

ఈ లెక్కలను అటూ ఇటూ మార్చటానికి పెట్టె మీద నాలుగు మీటలే వున్నాయి. అందుకని దానిని తీగతో లాప్‌టాపుకు కలుపుతారు. అక్కడ ఎడిటరు అనే ప్రోగ్రాము తెరిస్తే, యంత్రాలన్నీ రైలుపెట్టెల మాదిరిగా వరసగా కనపడతాయి. ఒకదాన్ని పట్టి ఇంకొకచోట పెట్టవచ్చు. ఆ వరసలోనే కిటుకు వున్నది. ప్రతిధ్వని ఇచ్చే పెట్టెను గరగర పెట్టెకు ముందు పెడితే, ప్రతిధ్వనులు కూడా నలిగి అంతా కలగాపులగం అవుతుంది. తరువాత పెడితే విడివిడిగా వినపడతాయి. బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తాము గాని ఇస్త్రీ చేసి ఉతుకుతామా?

రెండో రోజు మధ్యాహ్నం పెద్ద యేడుపు వినిపించింది. రెండు గంటలు కూర్చుని మీటలు సవరించి మంచి నాదం కుదుర్చుకున్నదట. ఇంకొక నాదం యెట్లా వుంటుందో చూద్దామని దానిమీద నొక్కిందట. తిరిగి వచ్చేసరికి పాతదే వున్నది! మార్చినది పలక మీద రాత వంటిది. "సేవ్" నొక్కితేనే నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది. "పేరు పెట్టి దాచుకో, తల్లీ. మొత్తానికి ఒక నకలు లాప్‌టాపులో కూడా వుంచు," అన్నాను. ఆ మర్నాటి నుంచి అట్లాగే చేసింది.

అసలు చిక్కు డిసెంబరులో వచ్చింది. వాళ్ళ బడి వార్షికోత్సవానికి ముందురోజు నేనూ వెళ్ళాను. ఇంట్లో ఇయర్‌ఫోనులో తేనెలా వున్న నాదం, హాలులో పెద్ద స్పీకర్లలో పెట్టేసరికి "బుంయ్" అని అంతా ముద్దయిపోయింది. పిల్ల ముఖం చిన్నబోయింది. పెట్టె పాడయిందేమోనని నలుగురూ దాని చుట్టూ చేరారు.

పెట్టె పాడు కాలేదు. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపిన సంగతి ఇది. మోత తక్కువగా వున్నప్పుడు మన చెవి మంద్రస్వరాలను సరిగా పట్టుకోలేదు. మీరే చూడండి. డప్పులున్న పాట ఒకటి పెట్టి మోత తగ్గిస్తూ పోండి. ముందు మాయమయ్యేది ఆ "ధం ధం". ఇంట్లో సన్నగా వింటూ అమ్మాయి మంద్రాన్ని పెంచుకుంటూ పోయింది. హాలులో మోత పెరిగేసరికి అదంతా ఒక్కసారి మీద పడింది. ఖాళీ గోడలు ఇంకొంత కలిపాయి. అట్లాగని ఇంట్లోనే ఇయర్‌ఫోను హెచ్చించమని కాదు సుమా! పిల్లలకు వారానికి 40 గంటలయితే 75 డెసిబెళ్ళు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది. ఈ మాట తల్లిదండ్రులు కూడా చదవాలి.

"హాలులోనే సవరించుకో," అన్నాను. లాప్‌టాపును వేదిక మీదకు తెచ్చి మంద్రాన్ని తగ్గించింది, ప్రతిధ్వనిని సగం చేసింది, మధ్య స్వరాలను కొద్దిగా పెంచింది. "హాలు" అని పేరు పెట్టి ముందుగా సేవ్ నొక్కింది. కాని వేదిక మీద వున్నవాళ్ళకు, కింద కూర్చున్నవాళ్ళకు వినపడేది వినపడదు. అందుకని ఎవరయినా వెనకకు వెళ్ళి చేయి ఊపి చెప్పాలన్నారు. ఆ పని నాకు పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆఖరి బెంచీలో కూర్చోవటం నాకు అదే మొదటిసారి.