నాగటిచాలు, పాసుపుస్తకము



గత మాసమున ఈ పుటలో ఊరగాయల నిలువను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఆ జాడీలోనికి వచ్చు కాయ ఏ నేలలో కాచుచున్నదో, దానిని కాయించు చేయి ఎవరిదో విచారింతము. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయకుడు. చదివినపిదప ఇది ఎవరి విషయమో మీరే నిర్ణయింపగలరు.

మా యింట పాలు పోయు నామె యొకతె కలదు. ఆమెకు పుంగనూరు త్రోవలో రెండెకరముల చేను, ఒక యావు, ఇద్దరు బిడ్డలు. పెనిమిటి బెంగుళూరున తాపీపని చేయుచు పండుగలకు మాత్రము వచ్చిపోవును. ఒకనాటి యుదయమున ఆమె పాలు పోసి, కొంగుముడి నుండి మడత పెట్టిన కాగిత మొకటి తీసి నా కిచ్చెను.

"అయ్యోరమ్మా, దీంట్లో ఏం రాసుండాదో రవంత చదివి చెప్పమ్మా" అనెను.

అది బిందుసేద్యపు గొట్టములకు రాయితీ కోరు దరఖాస్తు. చదివి, "అక్కా, దీని మీద పట్టాదారు సంతకము చేయవలెనట" అని చెప్పితిని.

"పట్టాదారంటే సేద్దెం జేసేది నేనే గదమ్మా?"

నేను బదులు చెప్పలేకపోతిని. చిన్ననాట మా తండ్రిగారు నాకు రామాయణము చెప్పునపుడు, సీత యనగా నాగటిచాలే యని అర్థము చెప్పియుండిరి. నాగటిచాలికే ఆడుపేరు పెట్టుకొన్న దేశమున, ఆ చాలు దున్నించు స్త్రీకి రైతను పేరు లేకపోయెను గదా యని ఆనాడు నా మనసున కలుక్కుమన్నది. ఈ వ్యాసమునకు మూల మదియే.

ముందుగా మన సీమ సంగతి చెప్పెదను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మెట్టప్రాంతములు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నుండుటచే ఇచ్చట చల్లదన మెక్కువ. తూర్పు తాలూకాలకు దక్కునంతటి ఈశాన్య ఋతుపవనపు వాన మాత్రము ఇచ్చటికి రాదు. ఏడాది పొడుగున పారు నది లేదు. బాహుద గాని, పాలారు గాని వాన కురిసిన నాడే నది యనిపించుకొనును. అందుచే మన పెద్దలు చెరువులు త్రవ్వి, వాని క్రింద వరియు, మెట్టను రాగియు, వేరుసెనగయు పండించుకొనిరి.

కమతములు చిన్నవి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశమున సగటు కమతము 1.08 హెక్టారులు. 1970-71లో అది 2.28 హెక్టారులుగా నుండెను. ఆంధ్రప్రదేశమున 0.94 హెక్టారు, అనగా 2 ఎకరముల పైచిలుకు మాత్రమే. తండ్రి చేనును కొడుకులు పంచుకొన్న కొలది గట్లు పెరిగినవి, చేలు తరిగినవి. కనుక చిన్న రైతు బ్రదుకవలెనన్న ఎకరమునకు వచ్చు ఫలసాయము పెరుగవలెను. అది పెరిగినదా యన్న, పెరిగిన దనియే చెప్పవలెను. ఎట్లు పెరిగినదో, దానికై ఏమి చెల్లించితిమో చూతము.

మొదటి కారణము నీరు. చెరువు పూడినకొద్ది బావి వచ్చెను, బావి యెండిన పిదప బోరు వచ్చెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట బోరుల సంఖ్య మఱింత హెచ్చెను. వానకై ఆకాశము వంక చూచుచుండిన రైతు ఏడాదికి రెండు పంటలు తీసెను. కాని అందఱును ఒకే కుండలోని నీరు ముంచుకొనినచో కుండ యడుగు కనబడక మానదు గదా. ఈ సీమలో వేయి యడుగులు దాటి త్రవ్వియు నీరు పడని బోరులు కలవు. అట్టి బోరునకు తెచ్చిన యప్పు పంట లేకున్నను వడ్డి కాచుచునే యుండును. భూగర్భజలమును కాపాడుటకు 2002లో నీరు, నేల, చెట్టు చట్టమును చేసిరి. కాని చట్టము కంటె దప్పి బలమైనది.

రెండవ కారణము పంట మార్పు. రాగి, వేరుసెనగల చోట టమాటాయు, మల్బరీయు వచ్చినవి. వేరుసెనగకు పూత దిగి ఊడలు నేలలోనికి పోవు వేళ పదను లేకున్న కాయ గట్టిపడదు. ఆ పదిదినముల వాన తప్పినచో నాలుగు నెలల కష్టము వ్యర్థమగును. 1940లో తిండివనము పరిశోధనా కేంద్రము నుండి వచ్చిన టి.ఎం.వి. 2 రకమునే మన రైతులు తరతరములు విత్తుచు వచ్చిరి. ఇటీవల కదిరి కేంద్రము వారు కదిరి లేపాక్షి మొదలగు క్రొత్త రకముల నిచ్చినారు. అయినను, వాన మీది నమ్మకము సడలిన రైతు బోరున్నచోట టమాటా వైపునకే మరలెను. చల్లని గాలి ఆ పంటకు హితవు. మదనపల్లె టమాటా మండీ దేశమున మిక్కిలి పెద్దవానిలో నొకటిగా పేరు గాంచెను.

మూడవది పద్ధతి. 1990 దశకమున కుప్పము ప్రాంతమున ఇజ్రాయెలు దేశపు నిపుణుల సాయముతో ప్రభుత్వము ఒక ప్రయోగము సాగించెను. చిన్న కమతములను కలిపి, గొట్టముల ద్వారా మొక్క మొదట బొట్టుబొట్టుగా నీరును, నీటితో ఎరువును ఇచ్చుట అందలి విధానము. కాపు మెండుగా వచ్చె నని కొందఱు మెచ్చిరి. అంత ఖర్చును చిన్నరైతు తనంతట తాను మోయజాలడని కొందఱు ఆక్షేపించిరి. ఆ పథకము నిలువలేదు గాని, బొట్టునీటి విద్య మాత్రము నిలిచెను. 2003లో రాష్ట్ర ప్రభుత్వము సూక్ష్మసేద్య పథకమును ప్రారంభించిన పిదప రాయితీతో ఆ గొట్టములు సామాన్యుల చేలకును చేరినవి. మా పాల యామె కొంగున ముడివేసి తెచ్చినది ఆ రాయితీ కాగితమే. 2025లో శ్రీశైలపు కృష్ణాజలములు హంద్రీ-నీవా కాలువ వెంట కుప్పము వఱకు చేరినవి. అది శుభము. అయినను, దూరము నుండి ఎత్తిపోసిన నీరు కొలిచి వాడవలసిన నీరే.

ఇట్లు కాపు పెరిగెను. మఱి ఇంటి మిగులు పెరిగెనా? 2023 వేసవిలో మదనపల్లెలో టమాటాకు కోతకూలి కూడ రాక కొందఱు చేలను వదలివేసిరి. అదే సంవత్సరము జూలై మాసాంతమున కిలో 150 రూపాయలు దాటి పలికెను. సెప్టెంబరునకు మరల పడిపోయెను. మా పాల యామె మే మాసమున విసిగి, నిలువునా కాపుతో నున్న చెట్లను ఆవునకు వేసినది. "రెండునెల్లు వోర్సుకోనుంటే బిడ్డ పెండ్లి అయిపోయుండునమ్మా" అని ఆమె నవ్వెను. ఆ నవ్వును నేనింకను మఱువలేదు.

కాబట్టి ఎకరమునకు ఎన్ని బుట్టలన్నది ఒక్కటే కొలత కారాదు. మన పుంగనూరు ఆవునే చూడుడు. 70 మొదలు 90 సెంటీమీటర్ల ఎత్తుండు చిఱుతయావు అది. దినమునకు 1 నుండి 3 లీటర్ల పాలిచ్చును. పాల కొలతలో సంకరజాతి ఆవు ముందు నిలువజాలక అది ఇంచుమించు అంతరించు స్థితికి వచ్చెను. కాని దాని పాలలో వెన్న నూటికి 8 పాళ్ల వఱకు నుండును. కొలదిపాటి మేతతో, కొలదిపాటి నీటితో బ్రదుకును. పలమనేరు పశుపరిశోధనా కేంద్రము వారు ఆ జాతిని కాపాడుచు వచ్చిరి. ఎంత యిచ్చెనని మాత్రమే గాక, ఎంత తిని యిచ్చెనని కూడ అడిగినపుడే దాని విలువ తెలియును. చేనికిని అంతే. ఎంత నీరు త్రాగెను, ఎంత యప్పు మ్రింగెను, ఎవరి రెక్కలు విరిచెను అని యడుగవలెను.

ఆ రెక్కల సంగతికే వచ్చుచున్నాను. వేరుసెనగ విత్తనపుకాయ వలుచుట, నారు నాటుట, కలుపు తీయుట, టమాటా కోసి ఏరుట ఎవరు చేయుచున్నారు? పట్టుపురుగులను పెంచు ఇండ్లను చూడుడు. నాలుగు జ్వరములు దాటిన పురుగు, గూడు కట్టుటకు ముందటి వారము పసిబిడ్డ కంటె ఆకలిగొని యుండును. వేళ తప్పక ఆకు వేయుట, రెట్ట తీయుట, పండిన పురుగును ఏరి చంద్రికలకు ఎక్కించుట, ఇవి మిక్కిలిగా స్త్రీల పనులే. మగవారు బెంగుళూరికి రైలెక్కిన యూళ్లలో విత్తు మొదలు విక్రయము వఱకు అన్నియు ఆమెయే. అట్లుండియు, 2015-16 గణనలో దేశమున స్త్రీల పేర నున్న కమతములు నూటికి సుమారు 14 మాత్రమే. మన రాష్ట్రము ఇందు కొంత మేలు గాని, సగమునకు చేరలేదు.

పేరులో నేమున్నదందురా? పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసో యను దేశము కలదు. అచ్చట ఒకే కుటుంబమున భర్తకొక మడి, భార్యకొక మడి వేరువేరుగా నుండును. క్రిస్టఫర్ ఉడ్రీ యను ఆర్థికశాస్త్రవేత్త ఆ మడులను పోల్చి 1996లో తన పరిశోధన ప్రకటించెను. ఒకే యింట, ఒకే యేట, ఒకే పంట వేసినను స్త్రీల మడులలో ఫలసాయము సుమారు 30 పాళ్లు తక్కువ. చేతగానితన మందురా? కాదు. ఇంటి పెంట యంతయు మగవాని మడికే పోవుచుండెను. పనివారి సాయమును ఎక్కువగా నచ్చటికే. ఉన్న యెరువును, ఉన్న పనిని రెండు మడులకు సరిగా పంచినచో, క్రొత్తగా ఒక్క కాసు వెచ్చింపకయే ఆ యింటి పంట సుమారు 6 పాళ్లు పెరుగునని ఆయన లెక్కకట్టెను. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు ఇట్లే చెప్పెను. మగవారికి దొరకు విత్తనము, అప్పు, శిక్షణ స్త్రీలకును దొరకినచో వారి చేలలో పంట 20 మొదలు 30 పాళ్లు పెరుగు నట.

మన యింట మడులు వేరు గావు. కాని మనకును ఒక పెంటకుప్ప కలదు. అదియే పాసుపుస్తకము. 1971 చట్టముచే వచ్చిన ఆ పుస్తకమున ఎవరి పేరున్నదో, పంటరుణమును రాయితీయు వారికే సులభముగా చేరును. పేరు లేని స్త్రీ బ్యాంకు మెట్లు దిగి వడ్డీవ్యాపారి గడప యెక్కును. నూటికి ఏడాదికి ఏడు రూపాయలతో తీరవలసిన వడ్డి ఆమెకు ఇరువదినాలుగు, ముప్పదియారు కూడ నగుచున్నది. ఆ తేడాయే ఆమె చేనికి వేయని యెరువు, వేయని గొట్టము, మంచి ధర వచ్చువఱకు ఆగలేని తొందర. ఫలసాయమును తగ్గించు పురుగు లనేకములు గలవు. ఈ పురుగునకు మాత్రము మందు మన బీరువాలోనే యున్నది.

చట్టము మనకు ప్రతికూలము గాదు. హిందూ కుటుంబపు ఆస్తిలో కొమారునితో పాటు కొమార్తెకు సమభాగమును మన రాష్ట్రము 1986 నాటి సవరణచేతనే యిచ్చెను. 2005లో దేశమంతటికి ఆ హక్కు వచ్చెను. ఆ హక్కు జన్మచేతనే కలుగునని 2020లో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టపఱచెను. భర్త తన భూమిలో కొంత భార్యపేర పెట్టదలచినచో దానపత్రము వ్రాసి రిజిస్టరు చేయించి, పిదప రెవెన్యూ లెక్కలలో పేరు మార్పించుకొనవలెను. సంతకము రిజిస్టరు కచ్చేరితో ఆగినచో పని సగమే యైనట్లు.

ఒక పలుకు మీతో. మీలో చేను గలవారు ఈ మాసము మూడు పనులు చేయుడు. పాసుపుస్తకము తెఱచి ఎవరి పేరున్నదో చూడుడు. చాకలి పద్దు వ్రాయు పుస్తకముననే పంట పద్దును వ్రాసి, అందు మీ కూలిని కూడ రోజువారీగా కట్టుడు. ఆ మొత్తము చూచిననాడు మీ యింటివారికి మీరు చెప్పదగిన దేమియు నుండదు, పద్దే చెప్పును. పొదుపు సంఘమున నున్నవారు, బోరుకు అప్పు చేయుటకు ముందు ఊరి చెరువు పూడికను గూర్చి మాటలాడుడు. చేను లేనివారు కొమార్తె పెండ్లిమాటలలో నగల తూకముతో పాటు ఆమె భాగమైన నేల మాటయు ఎత్తుడు.

మా పాల యామె పెనిమిటి సంక్రాంతికి వచ్చినపుడు వారిర్వురును మా యింటికి వచ్చిరి. మావారు అతనికి కాగితపు సంగతి విప్పి చెప్పిరి. అతడు మంచివాడే. "ఒకే ఇంట్లో ఎవురి పేరుంటే ఏమి సామీ" అనెను. ఆమె తలవంచుకొని పాలచెంబు మూత సవరించుచు, "ఎవురి పేరున్నా ఒగటే అయితే, నా పేరే వుండనీ" అనెను. అతడు నవ్వి, ఒక యెకరము వ్రాసెద నని మాట యిచ్చెను.

ఇంకను వ్రాయలేదు. నేను ప్రతి యుదయమును పాలు పోయించుకొనుచు అడుగుచునే యున్నాను.