దంతవైద్యులును హైజీనిస్టులును

పండ్లకు పట్టిన గారను తీయుట ఎవరి పని యను ప్రశ్న పైకి మిగుల చిన్నదిగ కనుపట్టును. కాని యీ చిన్న ప్రశ్నయే దంతవైద్యుల సంఘములకును, డెంటల్ హైజీనిస్టుల సంఘములకును నూరేండ్లుగా దేశదేశములందు స్నేహమునకును కలహమునకును గూడ కారణమైనది. మన దేశమున నీ వివాద మింకను బాహాటముగ చెలరేగలేదు. చెలరేగకమునుపే చక్కబెట్టుకొనుట యుక్తమని మా యభిప్రాయము. ఏలయన, ఇందలి కష్టనష్టములు వైద్యులకంటెను హైజీనిస్టులకంటెను ఎక్కువగా కర్నూలు, కడప సీమల పల్లెలలోని బడిపిల్లలకును కూలిజనమునకును తగులును.

1948వ సంవత్సరపు దంతవైద్యుల చట్టము హైజీనిస్టు ఎవరో స్పష్టముగనే చెప్పినది. దంతవైద్యుడును సామాన్యవైద్యుడును గాక, పండ్లగారను తీసి, శుభ్రపరచి, మెరుగుపెట్టువారును, దంతశుద్ధిని గూర్చి బోధించువారును హైజీనిస్టులు. వారి పేర్ల పట్టిక నుంచు భారము రాష్ట్ర దంతవైద్య మండలులపై బెట్టబడినది. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యా చట్టము మండలుల నెట్లు కూర్చినదో చూడుడు. పట్టా పొందిన దంతవైద్యులకు ప్రతినిధుల నెన్నుకొను హక్కొసగినది. పట్టా లేకున్నను చిరకాలము వృత్తి సాగించి పట్టిక రెండవభాగమున చేరినవారికిని ఆ హక్కొసగినది. హైజీనిస్టులకు మాత్ర మొసగలేదు! కళాశాల మెట్టెక్కక పండ్లు పెరికినవానికి ఓటునిచ్చి, రెండేండ్లు చదివి పరీక్షయందు తేరినవానికి లేదనుట యే న్యాయమో మాకు బోధపడదు. పాత చట్టమునకు మారుగా 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టమును చేసినది. దంతసహాయకులకు గూడ జాతీయపట్టిక యుండవలెనని అందు చెప్పబడినది. సంతోషము. కాని పట్టికలో పేరు వేరు, సభలో పీఠము వేరు.

ఈ వృత్తి పుట్టిన చోటనే దీని జగడమును పుట్టినది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, బ్రిడ్జిపోర్టు పట్టణమున, ఆల్ఫ్రెడ్ ఫోన్సు అను దంతవైద్యుడు 1906లో తన యొద్ద పనిచేయుచుండిన ఐరీన్ న్యూమన్ అను స్త్రీకి గార తీయు విద్య నేర్పెను. 1913లో పాఠశాల స్థాపించి, అందు తరిఫీదైన స్త్రీలను ఆ యూరి బడులకు పంపెను. పిల్లల పండ్లు పుచ్చుట బాగుగ తగ్గినదని యాతడు ప్రకటించెను. హైజీనిస్టును తయారుచేసినవాడు దంతవైద్యుడే యనుట మన వైద్యులు మరవరాదు. హైజీనిస్టులు 1923లో తమ సంఘమును స్థాపించుకొనిరి. సహాయకులుగ నుండినంతకాలము పోరు లేదు. దంతవైద్యుని పర్యవేక్షణ లేకయే పనిచేయుదుమని యడిగిన నాటినుండి వైద్యసంఘములు బొమ ముడివైచినవి. కొలరాడో రాష్ట్రమున 1986 నాటి శాసన మా స్వాతంత్ర్యము నొసగెను. ఇంగ్లండులో 2013 మే నెలనుండి దంతవైద్యుని చీటీ లేకయే రోగి హైజీనిస్టు నొద్దకు పోవచ్చును. వైద్యసంఘములు వలదని వాదించినవి. అయినను వైద్యుల వృత్తి యేమియు కూలిపోలేదు.

మన దేశపు స్థితి వేఱు. అచ్చట హైజీనిస్టులు విస్తారము. ఇచ్చట మిగుల స్వల్పము. దంతకళాశాలలో మూడు వందలకు మించినవి. పట్టా పుచ్చుకొని బయటికి వచ్చిన యువకులు నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు బజారులలో నొకరి ప్రక్కన నొకరు పలకలు కట్టి కూర్చుండుచున్నారు. ఆరంభమున వారికి అన్నము పెట్టునది గార తీయు పనియే. ఆ పనినే మరొకరు తక్కువ రుసుమునకు చేసిన తమ గతి యేమని వారు భయపడిన, అది కేవలము దురాశయని మే మనజాలము. అయితే యీ భయము బజారునకు సంబంధించినది. కోసిగి, ఆలూరు, పత్తికొండ ప్రాంతములనుండి యేటేట పిల్లాజెల్లలతో గుంటూరు సీమకు సుగ్గికి పోవు కూలివాడు ఏ దంతవైద్యుని వాకిట నిలిచినాడు? కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవుట నొప్పి భరింపరానిదైన నాడే. ఆ నాటికి పన్ను నిలుపుటకు వీలుండదు, పెరికివేయుటయే. అట్టివానియొద్దకు హైజీనిస్టు పోయినచో దంతవైద్యుని రాబడిలో తగ్గునది దమ్మిడీయైన లేదు.

వేపపుల్లయు కానుగపుల్లయు నుండగా నీ కొత్త వృత్తి యేల యని మా పాఠకులలో పెద్దలు కొంద రడుగవచ్చును. పుల్ల పాచిని తీయును. రాయివలె గట్టిపడిన గారను తీయజాలదు. పైగా తాతలనాటి నోరు వేరు, నేటి నోరు వేరు. ప్రతి పల్లెలోను చక్కెర తేనీటి అంగడి వెలసినది, గుట్కా పొట్లము వ్రేలాడుచున్నది. 2016-17లో జరిగిన పొగాకు పరిశీలనలో దేశమందలి పెద్దలలో నూటికి 21.4 మంది పొగలేని పొగాకును వాడుచున్నట్లు తేలినది. నోటిలోని తెల్లమచ్చను మొదట చూచి, వైద్యుని యొద్దకు పొమ్మని చెప్పువా డొకడు పల్లెకు కావలెను గదా.

అట్లని హైజీనిస్టులు కోరినదంతయు నొసంగవలెనని మా వాదము కాదు. మన నీటినే తీసికొందము. మదరాసు రాష్ట్రమున ఫ్లోరైడు వ్యాధి యున్నదని 1937లో షార్టు మొదలగు వైద్యులు లోకమునకు తెలిపిరి. వారు చూచినది నాటి నెల్లూరు జిల్లా రోగులను. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరులకు ఇరుగుపొరుగగు మార్కాపురము 1970 వరకు కర్నూలు జిల్లాలోనిదే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని పసితనమునుండి త్రాగినవాని పండ్లపై పడు గోధుమవర్ణపు మచ్చలు గార కావు. ఎంత గీకినను పోవు. గార యేదో, మచ్చ యేదో, క్రింద దాగిన వ్యాధి యేదో నిర్ణయించుట దంతవైద్యుని శాస్త్రము. ఇందు వైద్యసంఘముల పట్టుదల న్యాయమే. కాని బడిలోని పిల్లలందరి నోళ్ళను వరుసగా చూచి, ఈ యూరి బావినీరు పరీక్షింపుడని మొదట చెప్పదగినది ఎవరు? పట్టణపు కుర్చీయొద్ద నిలిచిన వైద్యునికి ఆ తీరిక యెక్కడిది?

కావున రెండు సంఘములును కూర్చుండి, హద్దులను కాగితముపై వ్రాసికొనవలెను. పెద్ద భాగస్వామి మాటనిచ్చిన చాలునని చిన్న భాగస్వామి నమ్మి ఊరకుండు టెట్లో రాయలసీమవారికి మేము చెప్పనక్కరలేదు. 1937లో కడప కోటిరెడ్డిగారు మొదలగువారు సర్కారు నాయకులతో శ్రీబాగులో ఒడంబడిక వ్రాయించుకొన్నది అందులకే గదా! ఆ వ్రాత యెంతవరకు నెరవేరినదను చర్చ నేటికిని ఆగలేదు. అయినను వ్రాత యుండబట్టియే అడుగుట కాధార మున్నది. హైజీనిస్టు బడులకును పల్లెలకును వైద్యుడు వెంట లేకయే పోవచ్చునని అందు వ్రాయవలెను. ఏ వైద్యుని బాధ్యతక్రింద పోవుచున్నాడో, ఏ లక్షణము కానవచ్చిన రోగి నెవరియొద్దకు పంపవలెనో వ్రాయవలెను. పన్ను పెరుకుట, రంధ్రము పూడ్చుట, మందు వ్రాయుట తన పని కాదని హైజీనిస్టు ఒప్పుకొనవలెను. జీతమెంతో ముందే తేల్చవలెను. మండలియందును కొత్త కమిషన్ చెంతను హైజీనిస్టులకు ప్రాతినిధ్యము కావలెనని అడుగుటలో దంతవైద్య సంఘమే ముందు నడచినచో సగము అనుమానము ఆనాడే తీరును.

ప్రభుత్వముయొక్క పాలు మిగిలియున్నది. 2014-15లో కేంద్రప్రభుత్వ మారంభించిన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమున దంతవైద్యునితోబాటు హైజీనిస్టునకును జీతమిచ్చు వీలు కల్పింపబడినది. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతముల ఆసుపత్రులలో నట్టి పదవు లెన్ని మంజూరైనవో, ఎన్నింట మనుష్యులున్నారో ప్రకటింపవలెనని అధికారులను కోరుచున్నాము. కడపలోని ప్రభుత్వ దంతకళాశాలయు, కర్నూలులోని పుల్లారెడ్డి దంతకళాశాలయు తలకొక తాలూకాను చేపట్టి, ఒక వైద్యుని క్రింద ఇద్దరు హైజీనిస్టుల నుంచి, వచ్చు జూను నెలలో బడులు తెరచిన పిమ్మట నొక సంవత్సరము పని నడిపి చూడవచ్చును. వేసవి సెలవులలోగా ఒడంబడిక ముసాయిదా సిద్ధమైనచో ఉభయసంఘముల యభిప్రాయములను మా పత్రికయందు ప్రకటించుటకు మేము సిద్ధముగ నున్నాము.