చుక్కానికిని, సాగరు గేటునకును పగవాడొక్కడే

సముద్రపు ఉప్పుగాలి సోకని నల్లగొండ, పాలమూరు మెట్టనేలల పాఠకునకు, ఓడల యంత్రశాలలలో పొంచియున్న సైబరాపద పరాయి వృత్తాంతముగా తోచుట సహజమే; ఐనను విజయపురి నుండి లాంచి యెక్కి నాగార్జునకొండకు పోవువాడు తాను విడిచివచ్చిన సాగరు ఆనకట్టను తలచుకొనినచో, దాని పాదముననున్న విద్యుత్కేంద్రమునకును మహానౌకా గర్భమునకును గల చుట్టరికము బోధపడగలదు. రెండింటను నీటిని, చమురును, విద్యుత్తును అదుపు చేయునవి పీఎల్‌సీ లనబడు చిన్న కంప్యూటర్లే. బయటివా డెవ్వడును తమ తీగను తాకజాలడను విశ్వాసముతోనే వాని సంభాషణా పద్ధతులు చాలవరకు ఏర్పడినవి. ఆజ్ఞ యెవరినుండి వచ్చినదని యడుగు అలవాటు ఆ పాత యంత్రములకు లేదు. తెరువుమన్న తెరచును, మూయుమన్న మూయును.

పూర్వము కప్తాను ఆజ్ఞ గంటమ్రోతగా యంత్రశాలకు చేరెడిది. అక్కడ ఒక మనుష్యుడు దానిని విని, తన చేతితో కవాటము త్రిప్పెడివాడు. నేడు చుక్కాని, ఇంజను, ఓడ ఒరగకుండ అడుగున నీరు నింపు పంపులు ఒకే వలలో చిక్కుకొనినవి. సముద్రపటములను సరిచేయుటకు గుచ్చు పెన్‌డ్రైవు గాని, ఇంజను నిర్మాతలు ఒడ్డున నుండియే పరీక్షించుటకు ఏర్పరచిన ఉపగ్రహ సంబంధము గాని పగవానికి దారి కావచ్చును. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అను వైరసు మేర్స్క్ అను నౌకారవాణా సంస్థ కార్యాలయ కంప్యూటర్లను మ్రింగినప్పుడు, ఓడలు చెడకున్నను, ముంబై చెంతనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పని స్తంభించెను. ఆ సంస్థ నష్టము 30 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చునని అంచనా వేయబడెను.

ఈ పగ మన గడప త్రొక్కనిది కాదు. చైనాతో సంబంధము కలదని చెప్పబడిన రెడ్ ఎకో అను హ్యాకర్ల బృందము గురిపెట్టిన భారతీయ సంస్థలను గూర్చి రికార్డెడ్ ఫ్యూచర్ అను అమెరికా సంస్థ 2021 ఫిబ్రవరి తుదిని ప్రకటించిన నివేదికలో, విద్యుత్ రంగమునకు చెందిన పదింటితోపాటు రెండు ఓడరేవులును ఉండెను; చైనా దానిని త్రోసిపుచ్చినది. ఆ మార్చి మొదటి వారముననే, కేంద్ర ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థయగు సెర్ట్-ఇన్ హెచ్చరిక నందుకొని, తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలు అనుమానాస్పదమైన సర్వర్ల చిరునామాలను అడ్డగించి, పాస్‌వర్డులను మార్చుకొనినవి.

అదుపు తప్పిన యంత్రశాల యెట్టిదో పాలమూరు సీమకు చెప్పనక్కరలేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున, బ్యాటరీల మార్పిడి పని సాగుచుండగా మంటలు చెలరేగి, తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. అది సైబరు దాడి కాదు. దాడిగా చిత్రించుట మృతులకు అపచారము. ఐనను మూలము దాడియైనను, దోషమైనను, లోపలనున్నవానికి మిగులు వ్యవధి కొన్ని నిమిషములే.

ఇక ఆనకట్టలపై సైబరు చొరబాట్లును లేకపోలేదు. 2013లో న్యూయార్కు సమీపమున బోమన్ అను చిన్న ఆనకట్ట అదుపు వ్యవస్థలో ఒక ఇరానీయుడు చొరబడెనని అమెరికా న్యాయశాఖ అభియోగము మోపినది. మరమ్మతుకై గేటు తీగను ఊడదీసి యుండుటచేత కీడు తప్పెను. 2025 ఏప్రిలులో నార్వేలోని బ్రేమాంగెర్ వద్ద ఆ అదృష్టము లేక, పరులు తెరచిన కవాటము నాలుగు గంటలపాటు నీరు విడిచెను.

ఓడలవారి ఆచార మొకటి ఇచట మనకు శిరోధార్యము. సముద్రయాన భద్రతకై యేర్పడిన సోలాస్ అను అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి, మూడు నెలల కొకమారైనను, పైనుండి చుక్కాని పలుకనట్లు భావించి, నావికులు చుక్కాని గదికి దిగి, అక్కడి నుండియే దానిని త్రిప్పి చూడవలెను. అది సైబరాపదకై పుట్టిన నియమము కాదు. ఐనను ఆ యాపదకు ఇంతకన్న మంచి మందు నాకు కానరాదు. ప్రతి వేసవిలోను, కృష్ణకు వరద రాకముందే, జూరాల మొదలు సాగరు వరకు ఒక దినము కంప్యూటరు తెరలనార్పి, గేట్లనెత్తుట, టర్బైనుల నాపుట అక్కడి సిబ్బంది తమ చేతులతో చేసి చూపవలెనని, ఫలితమును ప్రజలకు ప్రకటింపవలెనని నీటిపారుదల శాఖను, జెన్‌కోను కోరుచున్నాను. సాగరు కట్టకు 26 గేట్లున్నవి. వాని దిగువన వాడపల్లి, మట్టపల్లి రేవులలో జనులు స్నానములాడుచున్నారు.