పందెం పోయినా.. పద్దు ఉంది!

గేమింగ్ రంగంలో ఉద్యోగం కోసం చూస్తున్నారా? అయితే 2025 ఆగస్టులో వచ్చిన మార్పును ముందు అర్థం చేసుకోండి. డబ్బు గెలవాలనే ఆశతో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు ఆ నెలలో చట్టం చేసింది. వాటిని నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డ్రీమ్11 లాంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఆ రంగంలో ఉద్యోగాలూ పోయాయి. ఈ-స్పోర్ట్స్, సోషల్ గేమ్స్‌కు మాత్రం అదే చట్టం ప్రోత్సాహం ఇస్తామంటోంది. అంటే ఇక ఆటగాణ్ని కూర్చోబెట్టాల్సింది పందెం కాదు, ఆటే. అదెలాగో స్ట్రాటజీ గేమ్‌లు బాగా నేర్పుతాయి.

చాలకపోవడంలోనే మజా

1999లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' చూడండి. వనరులు నాలుగే: ఆహారం, కలప, బంగారం, రాయి. ఒక పనివాడికి 50 ఆహారం ఖర్చు. రెండో యుగంలోకి వెళ్లాలంటే 500. అంటే ఆ ఖర్చుతో పదిమంది పనివాళ్లు వస్తారు! మనుషుల్ని పెంచుకోవాలా, ముందే యుగం మారాలా? పొలం వేయాలంటే కలప కావాలి. బంగారు గనులు తవ్వేకొద్దీ అయిపోతాయి. పోనీ మార్కెట్లో సరుకు అమ్ముదామంటే, అమ్మేకొద్దీ ధర పడిపోతుంది. అన్నీ కుప్పలుగా ఉంటే ఆలోచించే పనే ఉండదు కదా!

వనరు వచ్చే దారిని డిజైనర్లు 'సోర్స్' అంటారు, ఖర్చయ్యే దారిని 'సింక్' అంటారు. మొదటిది ఎక్కువైతే ఆట చప్పబడుతుంది. రెండోది ఎక్కువైతే ఆటగాడు విసిగి వెళ్లిపోతాడు.

కొరత ఎవరి కోసం?

'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో సమయం కూడా వనరే. ఒక కట్టడం పూర్తయ్యేదాకా ఆ బిల్డర్ ఖాళీ కాడు. ఆగలేకపోతే జెమ్స్ వాడొచ్చు, వాటిని డబ్బుతోనూ కొనొచ్చు. తిరిగి డబ్బు రాదు కాబట్టి ఇది పందెం కాదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ నిరీక్షణ ఆటను రక్తి కట్టించడానికా, జేబు ఖాళీ చేయించడానికా? చట్టం దీనికి జవాబు చెప్పదు. రేపు ఆ అంకె వేసే డిజైనరే తేల్చుకోవాలి. ఆ కుర్చీలో మీరూ ఉండొచ్చు.

మీరేం చేయాలి?

• మీకు బాగా తెలిసిన ఒక గేమ్ తీసుకోండి. సోర్స్‌లు, సింక్‌లు ఎక్సెల్ షీట్‌లో రాయండి.
• ఒక్క అంకె మార్చండి. పనివాడి ధర 50 నుంచి 60 అయితే పది నిమిషాల తర్వాత ఏమవుతుందో లెక్కగట్టండి.
• కాగితం, గింజలతో చిన్న ఆట తయారుచేసి స్నేహితులతో ఆడించండి. ఎక్కడ విసుక్కున్నారో రాసుకోండి.
• ఆ తర్వాతే ఉచితంగా దొరికే గొడో ఇంజిన్‌లో దాన్ని కట్టండి.

'గేమ్ ఎకానమీ డిజైనర్' పనికి కోడింగ్ ఒక్కటే చాలదు. సంభావ్యత, ఎకనామిక్స్ చదివిన బీకాం, బీఏ విద్యార్థులకూ ఇక్కడ చోటుంది. ఇంటర్వ్యూలో 'నాకు గేమ్స్ ఇష్టం' అని అందరూ చెబుతారు. మీరు ఆ షీట్ తెరిచి చూపించండి.